గుండు వేయని గోడ

"...గుండు వేసి చూద్దామంటే తప్పేముందన్నయ్యా? గోడకేమైనా సిగ్గా?"

"గోడకు కాదురా, నాకు. నిన్నగాక మొన్న తాపీ పట్టినవాడికి కావాలి దారం."

గోడ నిటారుగా ఉందో లేదో చూసే తూకం గుండును, దాని దారంతో సహా, తమ్ముడు మళ్లీ సంచిలో వేసుకున్నాడు.

అన్నను అందరూ పెద్దమేస్త్రీ అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. వయసులో ఉన్నప్పుడు అతను కంటితో చూసి లేపిన గోడకు కాంట్రాక్టరే గుండు వేలాడదీసి, దారానికీ ఇటుకకూ మధ్య గోరు కూడా దూరదని మిగతావాళ్లకు చూపించేవాడు. ఆ పొగడ్త ఒంటికి పట్టింది. ఒకసారి పెట్టిన ఇటుక మళ్లీ తీయనన్న పంతం అప్పటిదే. ఇంట్లోనూ అంతే. తన చేత్తోనే కూరలో రెండుసార్లు ఉప్పు వేసుకున్నా, బాగానే ఉందంటూ గిన్నె ఖాళీ చేసి, చెంబులకు చెంబులు నీళ్లు తాగేవాడు. భార్య చాటుగా నవ్వుకునేది. కూతురు తనకు నచ్చినవాణ్ణి పెళ్లి చేసుకుంటానన్నప్పుడు, "ఇక ఈ గడప తొక్కొద్దు" అన్నాడు. కోపం త్వరగానే చల్లారింది. మాట మాత్రం అలాగే ఉండిపోయింది. భార్య నవ్వడం మానేసింది.

వయసు మీదపడి అతని చూపు మసకబారిందని ఇంటిల్లిపాదికీ తెలుసు. మొహాన అనే ధైర్యం తమ్ముడొక్కడికే ఉండేది. ఈ గోడ మొదటి వరసల నుంచే బయటికి వాలింది.

"పూతలో సర్దుకుంటుందిలే," అన్నాడు పెద్దమేస్త్రీ. వంకర కనిపించకుండా పూత మందంగా కొట్టించాడు.

ముసురు పట్టి, గోడ నాని కూలింది. కింద పరంజా కట్లు విప్పుతున్న తమ్ముడి కాలు నుజ్జయింది.

ఆసుపత్రి వరండాలో కాంట్రాక్టరు అడిగాడు. "ఎందుకు పడింది మేస్త్రీ?"

"సిమెంటు మాలు పల్చనైంది. కలిపింది మావాడే."

గది తలుపు తెరిచే ఉంది. మంచం మీద తమ్ముడు విన్నాడు.

కాంట్రాక్టరు నేరుగా పని జరిగిన చోటికి బయల్దేరాడు. వెళ్లి, మిగిలిన మొండిగోడకు గుండు వేలాడదీసి చూశాడు. ఆ తర్వాత పెద్దమేస్త్రీని ఎవరూ పనికి పిలవలేదు.

కట్టు విప్పాక తమ్ముడు కర్ర సాయంతో వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"కాలు సంగతి వదిలెయ్. గోడ వంకరని కాంట్రాక్టరుకు తెలుసు, నాకూ తెలుసు. నీ నోటితో ఒక్కసారి చెబితే ఇద్దరికీ పనిస్తానన్నాడు. ఆయనకు చెప్పలేకపోతే నాకు చెప్పు అన్నయ్యా, చాలు."

పెద్దమేస్త్రీ అరచేతిలోని కాయలు గిల్లుకుంటూ కూర్చున్నాడు.

"మాలు పల్చనైంది," అన్నాడు చివరికి.

తమ్ముడు కర్ర చెయ్యి మార్చుకుని, ఒక్కో మెట్టే దిగి వెళ్లిపోయాడు.

వంటింట్లోంచి భార్య బట్టల సంచితో వచ్చింది.

"అన్నం వండి మూత పెట్టాను. నేను అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాను. ఇక రాను," అంది.