బీట్‌రూట్ గింజలకు తలంటు

విత్తన పరీక్షశాలలో ఇరవై రెండేళ్లుగా గింజలు మొలకెత్తించే ఆవిడను అందరూ మొలకలక్క అంటారు. ఆవిడ చెయ్యి తగిలితే గోడకు కొట్టిన మేకు కూడా చిగురేస్తుందని అటెండరు ఒట్టేసి చెబుతాడు. అలాంటి మనిషి వంద బీట్‌రూట్ గింజలు పెడితే, నాలుగో రోజుకు మొలిచినవి ముచ్చటగా మూడు!

"చచ్చిన విత్తనం. రాసేయండక్కా. రేపు బస్తాలన్నీ తగలబెట్టిస్తాను" అన్నాడు ఆఫీసరు.

వాటిని పండించిన రైతమ్మ గుమ్మంలోనే ఉంది. "ఏడాదంతా కంటికి రెప్పలా కాశాను వదినా! బతికున్నవాటికి నిప్పెడతారా?"

మొలకలక్క కలం తీసింది. పక్క పళ్లెం మీద చూపు పడింది. అందులో ముల్లంగి గింజలు. ఊదితే మొలిచే రకం. అవీ గుర్రుపెట్టి నిద్రపోతున్నాయి! ఆవిడ కలం కింద పెట్టేసింది.

బీట్‌రూట్ గింజ పైతొక్కలో మొలకను ఆపే పదార్థం ఉంటుంది. మంచి వాన పడి అది కొట్టుకుపోతే తప్ప గింజ కళ్లు తెరవదు. అందుకే ఎప్పుడూ కుళాయి ధార కింద గంటల తరబడి కడిగేది. ఈసారి పైపు పగిలిందని బేసిన్లో నానబెట్టింది. పైగా ఆ గోధుమరంగు నీళ్లు పారబొయ్యడానికి చేతులు రాక, పళ్లేల్లోని కాగితాలన్నీ వాటితోనే తడిపింది!

"సార్, గింజలు చావలేదు! నేనే జోకొట్టాను!"

"మీరా? తప్పు చేశారా?"

"చేశాను. నా పేరుతోనే రాయండి. నాలుగు రోజులు మాత్రం ఇవ్వండి."

ఆఫీసరు నోరు తెరిచేలోపే ఆవిడ గింజల్ని జల్లెడలో పోసుకుని బావి దగ్గరుంది. రైతమ్మ తోడి పోస్తూనే ఉంది. గోధుమరంగు నీళ్లు పరుగులు తీశాయి.

"చెయ్యి నొప్పెడుతోందా వదినా?" అంది మొలకలక్క.

"నొప్పా? బావి అడుగంటితే చెప్పు, ఇంకోటి తవ్వి పోస్తా!"

నీళ్లు తేటపడేసరికి పొద్దు వాలింది. మొలకలక్క గింజల్ని మంచినీళ్లతో తడిపిన కొత్త కాగితం మీద పరిచి మూతపెట్టింది.

నాలుగో రోజు పళ్లెం మూత తీయగానే ఆఫీసరు భూతద్దంతో దాని మీద వాలిపోయాడు. రైతమ్మ ఆయన భుజం మీంచి తొంగిచూసింది.

"ఎనభై ఏడు... ఎనభై ఎనిమిది..."

"పాసేనా?" అంది మొలకలక్క.

"ఎప్పుడో! ఉండండక్కా, తొందరపెట్టకండి. అదిగో, ఇంకోడు తల బయటపెడుతున్నాడు!"