తల ఉంటేనే టోపీ

రిటైరయినా పెద్ద సిస్టరు చేతులు మాత్రం డ్యూటీ దిగలేదు. చుట్టాలింటికి వెళ్లినా సరే, మంచం కనబడితే దుప్పటి మూల లాగి మడత సరిచేస్తే గాని కూర్చోదు. నర్సులకు టోపీలు పోయి చాలా ఏళ్లయింది. "సర్వీసంతా టోపీ పెట్టుకున్నా గానీ, ఒక్క రోగికీ టోపీ పెట్టలేదర్రా!" అని పకపకా నవ్వుతుంది.

నర్సుల వృత్తి చరిత్ర చెప్పమని ఆస్పత్రివాళ్లు పిలిస్తే, గంజి పెట్టిన తెల్లగుడ్డ తీసుకెళ్లి, "కళ్లు మూసుకుని మడుస్తా చూడండి" అని గొప్పగా చాటింది. తీరా వార్డు వరండాలో నర్సులంతా చుట్టూ చేరాక ఆ గుడ్డ పడవయింది, పొట్లమయింది, టోపీ మాత్రం కాలేదు. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. పరువు కాస్తా పోయేలా ఉంది. "ఓసి నా మతిమండా! తల లేకుండా టోపీ ఎలా వస్తుంది? మేం ఒకరి తలమీద ఒకరం మడిచేవాళ్లం కదర్రా!" అంటూ పక్కనున్న తలను లాక్కుంది. అది గుబురుగడ్డం మగ నర్సుది. "నాకా సిస్టర్?" అన్నాడతను. "వంగు నాయనా!" అంది. వేళ్లు వాటంతటవే పరుగెత్తాయి, టోపీ గువ్వలా కుదురుకుంది. "మొత్తానికి నాకు టోపీ పెట్టేశారు!" అన్నాడు. ఆ నవ్వులు ఆగకముందే లోపల్నించి ఓ తాత "సిస్టర్!" అని కేకేశాడు. ఇద్దరూ పరుగెత్తారు. ఆవిడ చెయ్యి దుప్పటి మూలకి చేరేసరికి గడ్డమాయన ఆ మడత వేసేశాడు. తాత అతన్ని ఎగాదిగా చూసి, "టోపీ బాగుంది గానీ సిస్టరూ, గడ్డం ఎప్పుడు పెంచావమ్మా?" అన్నాడు.