అమ్మాడా, అమ్మడా

పలాసలో బస్సు దిగగానే కాలుతున్న జీడిపెంకుల పొగ కళ్లలో పడింది. ఊరు పెరిగింది, కొత్త షాపులు వచ్చాయి, ఆ ఘాటు మాత్రం అలాగే ఉంది. అది తగిలినప్పుడల్లా నాకు సరోజినిగారు గుర్తొస్తారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఇక్కడి ఒక జీడిపప్పు కంపెనీ ఆఫీసుకు ఆవిడ మేనేజరు. అంతకుముందు చాలాకాలం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేశారు. నేను ఆవిడ దగ్గర కంప్యూటర్ ఆపరేటర్ని.

కంప్యూటర్ పని నాకు ఎవరూ నేర్పలేదు. టెక్కలి గ్రంథాలయంలో దొరికిన పుస్తకాలు చదివి నేర్చుకున్నాను. ఆ మాట చెప్పుకోవడం అప్పుడూ ఇష్టమే, ఇప్పుడూ ఇష్టమే. టెక్కలి, సోంపేటల్లో రైతుల దగ్గర జీడిపిక్కలు కొనే మా కేంద్రాలకు కూడా కంప్యూటర్లు వచ్చాక, పుస్తకంలో చదివిన పద్ధతిలో ఒక ఉమ్మడి ఈమెయిల్ చిరునామా తయారుచేశాను. దానికి ఉత్తరం పంపితే అన్ని కేంద్రాలకూ ఒకేసారి చేరుతుంది. ఎవరైనా రాయవచ్చు. జవాబిచ్చినా అందరికీ పోతుంది. మొదట్లో అందులో ఎక్కువగా తిరిగినవి దేవుడి ఉత్తరాలు, పదకొండుమందికి పంపితే శుభం జరుగుతుందనేవి. ఫోన్ లైను మీద అవి దిగేలోపు టీ తాగి రావచ్చు. ఇలా ఎవరు పడితే వాళ్లు రాయడం మంచిది కాదేమోనని సరోజినిగారు ఒకసారి అన్నారు. అదే దాని గొప్పతనమని నేను వాదించాను.

మా కంప్యూటర్లలో తెలుగు అక్షరాలు లేవు. తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాళ్లం. ఒక ఎండాకాలం, ఎప్పుడూ సోంపేటలో పిక్కలు అమ్మే జగన్నాథం అనే రైతు, అక్కడి గోదాము నిండిపోవడంతో తన సరుకును టెక్కలి తీసుకువెళ్తానన్నాడు. అతను ఎలాంటివాడని టెక్కలి కేంద్రం అడిగింది. సోంపేట ఏజెంటు రామారావు ఒక్క ముక్కలో జవాబు రాశాడు: జగన్నాథం తడి పిక్కలు ammadu.

రామారావు రాసింది ‘అమ్మడు’ అని. టెక్కలిలో కాటా వేసే మనిషి చదువుకున్నది ‘అమ్మాడు’ అని. ఎండబెట్టని పిక్కలు బరువు తూగుతాయి, అలాంటివి తెచ్చేవాడిని ఎవరూ నమ్మరు. ట్రాక్టరును తూకం కూడా వేయకుండా, నలుగురి ముందూ వెనక్కి పంపేశారు. జగన్నాథం అదే ట్రాక్టరుతో పలాస వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“కొనకపోతే కొనకండమ్మగోరూ. తడి పిక్కలోడని పదిమందిలో అన్నారు. ఇప్పుడు నేను ఊర్లోకి ఎలా ఎల్లాల?”

సరోజినిగారు బస్తాలోంచి గుప్పెడు పిక్కలు తీసి చెవి దగ్గర ఆడించారు. బాగా ఎండినవి, గలగలమన్నాయి. సరుకు దించమని చెప్పి, రామారావుకి ఫోన్ చేశారు. అతను లబోదిబోమన్నాడు. వరసకు తనకు బావ అయ్యే మనిషి గురించి అలా ఎందుకు రాస్తానన్నాడు. సవరణ ఉత్తరం వెంటనే అందరికీ పంపించాం.

నాకు ఒక ఉపాయం తోచింది. దీర్ఘం వచ్చినచోట పెద్ద అక్షరం వాడాలని ఒక పుస్తకంలో చదివాను. ఆ నియమం పెడితే సరిపోతుందని ఉత్సాహంగా చెప్పాను. ఆవిడ విన్నారు.

“నువ్వు సదివిన పుస్తకం ఆ కాటా మనిషి సదివేడేటి, నాయనా?”

ఆ సాయంత్రమే చిరునామాకు కాపలా పెట్టించారు. ఎవరు రాసినా ఉత్తరం ముందు పలాసలో ఆగుతుంది. మేమిద్దరం చదివి వదిలితేనే అందరికీ వెళ్తుంది. నా ఉత్తరాలు ఆవిడ చూడాలి, ఆవిడవి నేను చూడాలి. రామారావుకు ఇది నచ్చలేదు. పలాస వచ్చినప్పుడు నవ్వుతూనే పొడిచాడు, మీదేమైనా పోస్టాఫీసా అమ్మగోరూ, ముద్ర కొట్టడానికి అని. ముద్ర కొట్టడానికి కాదు, సదవడానికి అన్నారావిడ.

వారం తిరక్కుండా ఆవిడ ఉత్తరమే నా దగ్గర ఆగింది. సరుకును వెనక్కి పంపే ముందు ఒక్క పిక్కయినా పగలగొట్టి చూడాలని అందులో ఉంది. అది సరైన మాటే. కానీ టెక్కలి కాటా మనిషి పేరు పెట్టి, అతను ఎలా తప్పు చేశాడో కూడా రాశారు. చాలాసేపు తటపటాయించి ఆవిడ గదిలోకి వెళ్లాను. ఈ పేరు అందరికీ వెళ్లాలా, ఆయన ఒక్కడికి చెబితే చాలదా అని అడిగాను. ఆవిడ తెర వైపు తిరిగి మళ్లీ చదువుకున్నారు. ముఖం కాస్త ఎర్రబడింది. పేరు తీసేశారు.

“ఇందుకే కదా నిన్ను కాపలా ఎట్టేను” అన్నారు.

మరుసటి ఏడు కూడా సోంపేట గోదాము నిండిపోతే జగన్నాథం సరుకు నేరుగా పలాస తెచ్చాడు. టెక్కలికి ఎందుకు వెళ్లలేదని, సవరణ పంపించాం కదా అని సరోజినిగారు అడిగారు. అతను కోపంగా ఏమీ లేడు. బస్తాలు దించుతూనే జవాబిచ్చాడు.

“రాసింది మీరు దిద్దినారమ్మా. ఆల నోట్లో మాట ఎవలు దిద్దుతారు?”

ఆవిడ తూకం అయ్యేదాకా అతని పక్కనే నిలబడ్డారు.

ఆ తర్వాత నేను మూడు చోట్ల పనిచేశాను. ఎక్కడికి వెళ్లినా అందరికీ వెళ్లే ఉత్తరాల కాపలా ఎలాగో నా దగ్గరికే వస్తుంది. ప్రతి ఉత్తరాన్నీ, అందులో పేరున్న మనిషి నా బల్ల ముందు కూర్చోకుండా నిలబడి ఉన్నాడనుకుని చదువుతాను. నేను రాసినవి ఇంకొకరికి ఇచ్చి చదివిస్తాను. ఆలస్యమవుతోందని మా వాళ్లు గొణుగుతుంటారు. అవుతుంది.