మృదంగం: ఏమండీ

మా నాన్నకి అన్నం తినాలన్న సంగతి గుర్తుండదు. కంచం ముందు పెడితే ఎవరిదో వస్తువు చూసినట్టు చూసి ఊరుకుంటారు. బతిమాలతాను, కసురుకుంటాను, కసురుకున్నందుకు బాత్రూమ్‌లోకి వెళ్ళి ఏడుస్తాను. నన్ను మాత్రం అప్పుడప్పుడు గుర్తుపట్టి "అమ్మడూ" అనేవారు. ఆయన్ని లేపి భోజనాల బల్ల దగ్గరికి తీసుకొచ్చేది ఇంట్లో ఒక్కటే ఉండేది. అది నేను కాదు, ఒక పాత ఎల్పీ రికార్డు.

నాకు ఆరేళ్ళప్పుడు, చికాగో పక్కన షామ్‌బర్గ్‌లో, మా కింది అపార్ట్‌మెంట్‌లో ఒక ఫ్రెంచి ఆయన ఉండేవాడు. సొంత దేశం వదిలి వచ్చి, చికాగో క్లబ్బుల్లో ఎలక్ట్రిక్ పియానో వాయించుకుంటూ బతికేవాడు. నాన్న పగలు ఇంజనీరు, శని ఆదివారాలు మృదంగం. సీలింగు అదిరిపోతోందని దెబ్బలాడటానికి పైకొచ్చినవాడు మూడు గంటలు కూర్చుని, పప్పన్నం తిని వెళ్ళాడు. ఆ తర్వాత రెండేళ్ళు మా ఇంట్లోనే తిన్నాడు. జాజూ ఫంకూ కలిపి అతను ఏదో వాయించేవాడు, నాన్న దాని కింద ఆదితాళం పరిచేవారు. అమ్మకి ఆ గోలంటే ఒళ్ళుమంట.

చివరికి మా హాల్లోనే టేపు పెట్టి ఆల్బమ్ రికార్డు చేశారు. మూడో పాట ఆఖర్న పియానో సన్నబడుతూ ఉండగా వంటింట్లోంచి అమ్మ పిలిచింది. "ఏమండీ, రండి, అన్నం చల్లారిపోతోంది." టేపు తిరుగుతూనే ఉంది. ఆ గొంతు తీసెయ్యమని అమ్మ ఎంత మొత్తుకున్నా ఆ ఫ్రెంచాయన వినలేదు.

రికార్డు వచ్చాక చూస్తే అట్ట వెనక నాన్న పేరు లేదు. "మృదంగం: ఏమండీ" అని ఉంది. ఆ మహానుభావుడు రెండేళ్ళపాటు అమ్మ నోట ఆ పిలుపే విన్నాడు, అదే నాన్న పేరనుకున్నాడు. అమ్మ నవ్వలేక కూలబడింది. నాన్న రెండు రోజులు అలిగి, మూడోరోజు ఆఫీసుకి పట్టుకెళ్ళి అందరికీ చూపించుకున్నారు. రికార్డు ఎవరూ కొనలేదు. ఫ్రెంచాయన పోయాడు. వేసిన కొద్ది కాపీలూ ఎక్కడెక్కడికో పోయాయి.

అమ్మ పోయి తొమ్మిదేళ్ళు. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు. వీడియో తీస్తుంటే చాలు, కొంగు అడ్డం పెట్టుకుని పక్కకి తప్పుకునేది. నాన్నకి మరుపు ముదిరాక ఒకరోజు ఊరికే ఆ రికార్డు పెట్టాను. మూడో పాట చివర అమ్మ పిలవగానే నాన్న "వస్తున్నా" అని లేచి, చేతులు కడుక్కుని, బల్ల దగ్గర కూర్చున్నారు. అప్పట్నుంచి రెండు పూటలా అదే పాట. అలా ఏడాదిన్నర నడిచాక ముల్లు సరిగ్గా అక్కడే గీతలు పెట్టింది. "ఏ" అన్న అక్షరం దగ్గర ఎగిరి, నాలుగో పాట మీద పడేది. ఫోన్‌లో రికార్డు చేసుకోలేకపోయావా అంటారు మీరు. నన్ను నేను రోజూ తిట్టుకునేదీ అందుకే. ఇంట్లో పూటపూటా వినపడేది పోతుందని ఎవరనుకుంటారు, నా ఖర్మ కాకపోతే?

సరిగ్గా అప్పుడే ఒక చిన్న కంపెనీ అతను ఫోన్ చేశాడు. ఆ ఆల్బమ్‌ని మళ్ళీ విడుదల చేస్తున్నారట. ఒక కలెక్టర్ దగ్గర చెక్కుచెదరని కాపీ దొరికిందట. ఈ ఏమండీ ఎవరో కనుక్కోవడానికి ఏడాది పట్టిందన్నాడు. దేవుడే పంపాడనుకున్నాను. నాన్న అసలు పేరు చెప్పాను, ఫోటో పంపాను. ఆయన తిండి సంగతి మాత్రం చెప్పలేదు. పైవాళ్ళకి చెప్పుకోవడం నామోషీ. చివర్లో అతను మర్యాదగా అడిగాడు. మూడో పాట ఆఖర్న ఒకావిడ ఏదో అంటోంది, అదేమిటి, ముఖ్యమైనదా?

"ఓ, దట్స్ నథింగ్," అన్నాను. "షీ ఈజ్ జస్ట్ కాలింగ్ దెమ్ టు ఈట్."

మనవాళ్ళ నోటికి అదొక జబ్బు. ఐదు రకాలు వండిపెట్టి కూడా, ఏం చేశారండీ అంటే, అబ్బే, ఏం లేదు, పప్పూ అన్నం అంటాం. అమ్మా అంతే అనేది, నాకూ అదే వచ్చింది. కానీ అతనికి తెలుగు రాదు కదా. నథింగ్ అంటే అతనికి నథింగే.

అది వచ్చేదాకా బతిమాలీ కసిరీ పూటకి నాలుగు ముద్దలు తినిపించుకొచ్చాను. చివరికి పార్సిల్ వచ్చింది. మందపాటి అట్ట, లోపల చిన్న పుస్తకం, అందులో నాన్న ఫోటో. వెనక "మృదంగం: ఏమండీ" అలాగే ఉంచి, కింద అసలు పేరు వేశారు. చారన్నం కలిపి బల్ల మీద పెట్టి, మూడో పాట వేశాను. నాన్న వేళ్ళు మోకాలి మీద తాళం వేశాయి. పియానో సన్నబడింది, ఆగింది. కడిగేసినంత శుభ్రంగా ఉంది ఆ చివర. నాలుగో పాట మొదలైంది. నాన్న వంటింటి గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు.

"ఇంకా అవలేదా వంట?" అన్నారు.

కేకలేద్దామనే ఆ కంపెనీ అతనికి ఫోన్ చేశాను. పాపం అతను నొచ్చుకుంటూ, మీరే ఏం లేదన్నారు కదా, అందుకే తీసేశాం అన్నాడు. ముందటి ఫైలు ఉంచుకోలేదట. కలెక్టర్ తన కాపీ ఎవరికో అమ్మేశాడు, కొన్నవాళ్ళెవరో తెలియదట. తిట్టడానికి ఇంకెవరున్నారు?

ఆ తర్వాత నాలుగు రోజులు, ఎంత బతిమాలినా, నాన్న రెండు చెంచాల పెరుగు తప్ప ఏమీ ముట్టలేదు. డాక్టరమ్మ ట్యూబు పెడదామంది. ఐదోరోజు మధ్యాహ్నం వంటింట్లోకి వెళ్ళి, ఆయనకి కనపడకుండా ఫ్రిజ్ పక్కన నిలబడి, అమ్మ గొంతు తెచ్చుకుని పిలిచాను. కూతురు తండ్రిని పిలవకూడని పిలుపు అది.

"వస్తున్నా," అన్నారు నాన్న. కుళాయి శబ్దం వినిపించింది.

ఇప్పుడు పూటపూటా అలాగే పిలుస్తున్నాను. అమ్మ గొంతు గుర్తుచేసుకుందామంటే నా గొంతే వినపడుతోంది. "అమ్మడూ" అన్న పిలుపు ఆ రోజు నుంచి మళ్ళీ వినలేదు. ఆ మొదటిరోజే, సగం అన్నం తిన్నాక, ఆయన తలెత్తి నా మొహంలోకి చూశారు.

"అమ్మడు తిందా?"

కంచంలో ఇంకా అన్నం ఉంది.

"తిందండీ," అన్నాను.