ప్రొద్దుటూరులో నేను కలిపిన సముద్రం

ప్రొద్దుటూరు నడిబొడ్డున సముద్రం తయారుచేసి, అందులో బతికున్న చేపలను ఊరబెట్టిన ఘనుణ్ణి నేనే. నవ్వదలచినవారు ఇప్పటినుంచే నవ్వుకోవచ్చు, నేనేమీ అనుకోను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో నేను హైస్కూల్లో సైన్సు అయివారిని, అదీ టెంపరరీగా. మార్చిలో ఇన్‌స్పెక్టరు వస్తాడనీ, ఆయన మెచ్చితేనే నా పోస్టు ఖాయమనీ హెడ్మాస్టరు చెప్పాడు. మెప్పించడానికి నాకు తోచింది, చేపలు! నెల్లూరు వైపు పెళ్ళికి వెళ్ళి, ఉప్పుటేటిలోంచి పన్నెండు చేపపిల్లలను డబ్బాలో వేసుకుని బస్సెక్కాను. ఏటినీళ్ళు పుక్కిట పట్టి రుచి గుర్తుపెట్టుకుని మరీ వచ్చాను. అద్దె ఇంటి పెరట్లో సిమెంటు తొట్టి నింపి, రాళ్ళుప్పు కలిపి, అచ్చం ఆ రుచే తెప్పించాను. చేపపిల్లలు హాయిగా ఈదాయి. చేపపిల్లకు ఈత నేర్పాలా అంటారు గదా, అక్కడితో ఆగివుంటే నేనూ బుద్ధిమంతుణ్ణే.

మా ఎండ సంగతి మీకు తెలుసు. తొట్టిలో రోజూ వేలెడు నీరు తగ్గేది. తగ్గింది ఉప్పునీరు కాబట్టి పోయవలసిందీ ఉప్పునీరే! ఈ గొప్ప తర్కంతో ప్రతి ఉదయం ఉప్పు కలిపిన నీళ్ళు పోసి నింపేవాణ్ణి. పదిహేను రోజులైనా చేపలు వెంట్రుకవాసి పెరగలేదు. తవుడు వేస్తే తాకలేదు. సముద్రం మీద బెంగేమోనని మరో నాలుగు గుప్పిళ్ళు ఉప్పు వేశాను. తెల్లారేసరికి మూడు తేలాయి. ఇన్‌స్పెక్టరు రావడానికి ఇంకా అయిదు రోజులున్నాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఇంటిగలావిడ నాగమ్మత్త వచ్చి తొట్టిలోకి తొంగిచూసింది.

"ఏంది అయివారా, నోళ్ళు తెరుచుకోని పైపైనే తిరుగుతాండాయి?"

"ఉప్పు చాల్లేదత్తా."

ఆమె వేలు ముంచి నాలుకకు రాసుకుని తుపుక్కున ఉమ్మింది. "థూ! దినామూ ఏం నీళ్ళు పోస్తాండావు?"

"ఎంత ఆవిరైతే అంత ఉప్పునీళ్ళు."

"నీళ్ళతో పాటు ఉప్పు గూడా ఎగిరిపోతాదా?"

నెత్తి కొట్టుకున్నాను. బి.యస్సీ. చదివానండీ నేను!

"పులుసు మరిగి ఉప్పెక్కితే నేను మంచినీళ్ళు పోస్తా. నువ్వు ఇంకా ఉప్పేస్తాండావు. బతికుండంగానే ఎండుచేపలైతాండాయి కదప్పా!"

"అయితే నాలుగు బిందెలు కుమ్మరించేదా?"

"ఒక్కసారి వద్దు. శెంబు శెంబు పొయ్యి. అవి గూడా తట్టుకోవాల గదా."

సగం నీరు తోడేసి, రెండు రోజులపాటు చెంబులతో మంచినీళ్ళు పోశాం. మూడోనాడు తొమ్మిది చేపలూ తవుడు మీద ఎగబడ్డాయి. ఆనందంతో నేను తొట్టి చుట్టూ గంతులేశాను.

చేపల సంగతి విని హెడ్మాస్టరుతో మా పెరట్లోకే వచ్చిన ఇన్‌స్పెక్టరు తొట్టి ముందు నిలబడి ఆశ్చర్యపోయాడు. "ఇంత ఎండలో ఉప్పుటేటి చేపల్ని ఎలా బతికించారు?"

"ఆవిరయ్యేది నీరే సార్, లవణం తొట్టిలోనే మిగిలి..." అంటూ గంభీరంగా అందుకున్నాను.

"భేష్! ఏ కాలేజీలో నేర్చుకున్నారు?"

అబద్ధం నాలుకదాకా వచ్చింది గానీ, గోడపక్కన నాగమ్మత్త కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "మా అత్త వంటింట్లో సార్" అని జరిగిందంతా చెప్పేశాను.

ఆయన పకపకా నవ్వి హెడ్మాస్టరుతో అన్నాడు: "పోస్టు ఈయనకే ఖాయం చేయండి. ఆమెకు ఇవ్వడానికి రూల్సు ఒప్పుకోవు!"

ఇక నీళ్ళలో ఉప్పు వేయనని ఆనాడే తొమ్మిది చేపల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. పెళ్ళయి ఇన్నేళ్ళయినా, మా ఆవిడ వంటకు సాయం రమ్మన్నప్పుడల్లా ఆ ఒట్టును ప్రాణప్రదంగా కాపాడుకుంటున్నాను.