గాలికి ఎదురు వెళ్లిన పడవ

దెయ్యాలంటే నాకు మొదటినుంచీ నవ్వే. లోకో షెడ్‌లో ఫిట్టర్‌గా బతుకంతా గడిపినవాణ్ని. చల్లారుతున్న ఇంజను మూలిగితే, లోపల ఎవరో ఏడుస్తున్నారని పరుగెత్తుకొచ్చిన కొత్తవాళ్లని నెలల తరబడి ఆటపట్టించినవాణ్ని. ఏ శబ్దం వెనకైనా ఒక వదులు బోల్టో, అరిగిన వాల్వో ఉంటుందని నా నమ్మకం. ఇప్పటికీ ఆ నమ్మకం పోలేదు. ఇప్పుడు చెప్పబోయేది ఒక్కటే అందులో ఇమడలేదు.

మాది భీమునిపట్నం దగ్గర సముద్రం మీద బతికిన కుటుంబం. నాన్న పోయాక మా అన్న సింహాద్రి బిలాస్‌పూర్ వచ్చి రైల్వేలో చేరాడు. నాకు మీసాలు రాగానే నన్నూ తెచ్చి అదే షెడ్‌లో పెట్టించాడు. స్టేషను దగ్గర తార్‌బహార్‌లో చిన్న ఇల్లు. అమ్మ, అన్న, వదిన గౌరమ్మ, నేను. యుద్ధం రోజులు కావడంతో డ్యూటీలు ఎడాపెడా పడేవి. ఉప్పుగాలి లేదన్న లోటు తప్ప ఇంట్లో ఎవరికీ ఏ లోటూ లేదు.

ఆ లోటు అన్నకి మరీ ఎక్కువ. రతన్‌పూర్ అవతల ఖూంటాఘాట్ దగ్గర కట్ట వేసి నీళ్లు నిలిపారని, అది చెరువు కాదు సముద్రమేనని ఎవరో చెప్పగానే ఆగలేకపోయాడు. సెలవు దొరికితే చాలు, అటు పోయే లారీ పట్టుకునేవాడు. నా డ్యూటీ కలిసొస్తే నేనూ వెంటపడేవాణ్ని.

అక్కడివాళ్లు వల వేసేవారు, లేదంటే గట్టున కూర్చుని గాలం వేసేవారు. అన్నది మా సముద్రం పద్ధతి. పడవ నడుస్తుండగానే వెనక పొడవాటి తాడు వదిలి గాలాన్ని నీళ్లలో ఈడ్చుకుపోవడం. నూలు తాడు కుళ్లకుండా తుమ్మచెక్క కాచిన నీళ్లలో నానబెట్టి ఆరబెట్టేవాడు. వాలుగ చేప పళ్లకి తెగకుండా చివర మూరెడు ఇనుప తీగ కట్టేవాడు. గాలం పైన చెంచా ఆకారంలో కొట్టిన ఇత్తడి బిళ్ల. పడవ కదిలితే అది నీళ్లలో గిరగిరా తిరిగి చేపపిల్లలా మెరుస్తుంది. జోరుగా పోతే బిళ్ల పైకి తేలిపోతుంది, మరీ నెమ్మదిస్తే అడుక్కి దిగిపోతుంది.

"సంతకెల్లే ఎడ్లబండిలాగ పోవాలిరా" అనేవాడు అన్న.

తాడు పట్టుకున్న చేతితోనే అడుగున ఏముందో చెప్పేవాడు. చేపయితే కుదుపు. బురదయితే మెల్లగా బరువు. మోడయితే పడవే నిలిచిపోతుంది.

మోళ్ల సంగతి చెప్పాలి. ఆ నీళ్ల కింద ఒకప్పుడు అడవి. నీళ్లు నిలిపినప్పుడు మిగిలిన చెట్ల మోళ్లు అలాగే మునిగి ఉన్నాయి. వాటినే అక్కడ ఖూంటాలంటారు. సముద్రంలో మావాళ్లు తెడ్డు వేయడానికి రెండు చేతులూ కావాలి కాబట్టి తాడు కొసని కాలికి చుట్టుకుంటారు. లోతు నీళ్లలో గాలం తగులుకోవడానికి ఏమీ ఉండదు, చేప లాగితే కాలికి తెలుస్తుంది. అన్న ఇక్కడా అలాగే చుట్టుకునేవాడు. పడవ ఇచ్చే సుఖ్‌రామ్ కేవట్, అంటే అక్కడి బెస్తవాడు, ఆ కాలు చూసినప్పుడల్లా తల అడ్డంగా తిప్పేవాడు. పుట్టినప్పటి అలవాటని అన్న నవ్వేసేవాడు.

ఇలా చేపలు పట్టేవాళ్లు కనిపిస్తే నేను ఇప్పటికీ ఆపి మరీ చెబుతాను. తాడు అరచేతిలోనే ఉంచుకోండి. మిగిలింది ఒక కర్రముక్కకి చుట్టి పెట్టుకోండి. గాలం తగులుకుంటే కర్రతో సహా వదిలేయండి, అది తేలుతుంది, తిరిగొచ్చి తీసుకోవచ్చు. ఒంటికి మాత్రం కట్టుకోకండి.

ఆ రోజు నాకు డ్యూటీ ఉంది. అన్న ఒక్కడే వెళ్లాడు. మధ్యాహ్నం గాలివాన లేచింది. అది తగ్గాక సుఖ్‌రామ్ డోంగా, అంటే మాను తొలిచి చేసిన సన్నటి పడవ, బోర్లాపడి కట్ట దగ్గరికి కొట్టుకొచ్చింది. అన్న రాలేదు.

ఊరివాళ్లు కట్ట పొడవునా వెతికారు. వలలు మోళ్లకి తగిలి చిరిగాయి. ఈతగాళ్లు మునిగి మునిగి అలిసిపోయారు. రోజులు గడిచినా ఏమీ దొరకలేదు.

ఇంట్లో అమ్మ కంట తడి పెట్టలేదు. "ఆడికి ఈత రాదేటి? ఏ గట్టుకో సేరుంటాడు. ఒంట్లో బాగయ్యాక ఒస్తాడు" అనేది. ప్యాసింజరు వచ్చిన చప్పుడు వినిపిస్తే చాలు, చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడేది. స్టేషను వైపు నుంచి వచ్చేవాళ్లంతా వెళ్లిపోయాక లోపలికి పోయేది. ఆమెతో కాదని అనే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

వదిన సంగతి వేరు. పొద్దున్నే కుంకుమ భరిణ తీసేది, పెట్టుకోవాలో మానాలో తెలియక అలాగే చేత్తో పట్టుకుని కూర్చునేది. ఒకనాడు పెరట్లో నన్ను ఆపింది.

"దొరికితే ఏడుస్తాను అప్పన్నా. దొరక్కపోతే నేనేటి సెయ్యాల?"

నేనే వెళ్లి వెతకాలనుకున్నాను. షెడ్‌లో లావుపాటి కొక్కేలు నాలుగువైపులా వంచి, మధ్యలో సీసం పోసి, అన్న దాచుకున్న కొత్త తాడుకి కట్టాను. బయల్దేరుతుంటే అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఎల్లకురా. ఆడొచ్చేసరికి నువ్వింట్లో ఉండాల" అంది.

పక్కనుంచి తప్పుకుని వచ్చేశాను.

పొద్దెక్కాక సుఖ్‌రామ్, నేను నీళ్లలోకి దిగాం. అతను ముందు కూర్చుని తెడ్డు వేస్తున్నాడు. నేను వెనక తాడు పట్టుకున్నాను. చేపకోసం అన్న నేర్పిన నడకలోనే అన్నకోసం వెతుకుతున్నానని తోచింది. పట్టపగలు, మంచి ఎండ. గాలి ఎదురుగా, కట్ట వైపుకి కొడుతోంది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నన్ను అడిగినవాళ్లంతా ముందు ఇవే అడిగారు.

చాలాసార్లు కొక్కేలు మోళ్లకి పట్టుకున్నాయి. విడిపించుకుంటూ పోయాం. నడిమికి వచ్చాక తాడు ఒక్కసారిగా వదులైంది. తెగిందనుకుని చుట్టుకోవడం మొదలుపెట్టాను. ఇంతలో మళ్లీ బిగిసింది, కానీ వెనకనుంచి కాదు. పడవ కిందనుంచి ముందుకి సాగింది.

సుఖ్‌రామ్ తెడ్డు ఎత్తి వెనక్కి చూశాడు. పడవ కదులుతూనే ఉంది. గాలి మా మొహాలకి కొడుతోంది, చిన్న చిన్న అలలు పడవ మూతికి తగులుతున్నాయి, అది వాటిని కోసుకుంటూ పోతోంది. చేప లాగుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇందులో కుదుపన్నది లేదు. ఎవరో తాడు భుజాన వేసుకుని ముందు నడుస్తున్నట్టు ఒకే తీరుగా లాగుతోంది.

ఫిట్టరు బుద్ధి పోతుందా, పరీక్షించాను. తాడు వదులు చేస్తే పడవ ఆగింది. బిగించి పట్టుకుంటే కదిలింది. మళ్లీ చేశాను, మళ్లీ అంతే. ఆ తర్వాత నాకు పరీక్షించాలనిపించలేదు. సుఖ్‌రామ్ తెడ్డు పడవలో పెట్టేసి చేతులు జోడించాడు.

అవతల కొండ నీళ్లలోకి దిగే చోట ఒక మూల ఉంది. గాలివాన పడవని కట్ట వైపు కొట్టింది కాబట్టి ఎవరూ ఆ వైపు వెతకలేదు. అక్కడికి చేరాక తాడు వదులైంది. పైకి లాగాను. కొక్కేలకి బురద లేదు, నాచు లేదు, చేప పొలుసైనా లేదు.

అప్పుడు సుఖ్‌రామ్ నీళ్లలోకి చూసి, "భయ్యా" అని మొహం తిప్పుకున్నాడు.

అడుగు కనిపించేంత లోతే. అన్న అక్కడే ఉన్నాడు. కాలికి తాడు, తాడు రెండో కొస మోడుకి. ఇత్తడి బిళ్ల ఇంకా మెరుస్తోంది. ఒడ్డు ఎంతో దూరంలో లేదు. నేను పడవలోనే కూలబడి బావురుమన్నాను.

జరగాల్సినవి జరిగాక లారీలో ఇంటికి తెచ్చాం. వదిన అన్న మీద పడి, అన్నాళ్లూ దాచుకున్నదంతా ఏడ్చింది. ఊపిరాడదేమోనని ఇరుగుపొరుగు పట్టుకున్నారు. అమ్మ మాత్రం దగ్గరికి రాలేదు. గుడ్డ తీసి మొహం చూడలేదు. నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"నువ్వు ఎతక్కపోతే ఆడు ఎక్కడో ఓసోట ఉన్నోడే కదరా" అంది.

ఆ తర్వాత అమ్మ నాకు అన్నం పెట్టేది, బట్టలు ఉతికి మడిచేది. పేరు పెట్టి మాత్రం మళ్లీ పిలవలేదు.

నిలవ నీళ్లలో ప్రవాహం ఉండదు. గాలి ఎదురుగా ఉంది. తెడ్డు పడవలో ఉంది. చేప కాదు. ఇంతకంటే నేనేమీ తేల్చలేకపోయాను. లాగింది అన్నేనని సుఖ్‌రామ్ అన్నాడు, వదినా అదే నమ్మింది. నేను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

అన్నే వచ్చి చూపించాడని ఒక్క మాట చెబితే అమ్మ నన్ను క్షమించి ఉండేదేమో. చాలాసార్లు నోటిదాకా వచ్చింది. కానీ అది వింటే, తన ఎదురుచూపు ఇక చాలన్నది కొడుకేనని ఆవిడ అనుకునేది. కోపం నా మీద ఉంటేనే నయమనిపించింది. ఆవిడ పోయేదాకా అలాగే ఉండనిచ్చాను.