ముడుపు కట్టిన రూపాయి

నా చిన్నప్పుడు మా అమ్మను ఆపరేషన్ కోసం హైదరాబాదు తీసుకెళ్ళాం. ఆపరేషన్ రేపనగా, పిల్లలు ఆసుపత్రిలో ఉండకూడదన్నారు. నా ఏడుపు మాన్పించడానికి మా మావయ్య తెలిసినవాళ్ళని పట్టుకుని, నన్నూ అమ్మమ్మనూ నాణేలు చేసే టంకశాల చూపించడానికి తీసుకెళ్ళాడు.

అమ్మమ్మ బొడ్లో పసుపు గుడ్డలో కట్టిన రూపాయి ఉంది. అమ్మ క్షేమంగా ఇంటికొస్తే పలివెల కొప్పులింగేశ్వరస్వామికి చెల్లిస్తానని మొక్కుకుని కట్టిన ముడుపు అది. మొక్కు తీరేదాకా ముడి విప్పకూడదని మా ఇంట్లో పట్టింపు. గేటు దగ్గర కాపలా ఆయనేమో బయటి నాణెం ఒక్కటి కూడా లోపలికి రాకూడదన్నాడు. మావయ్య చిల్లరంతా ఒక సంచిలో వేసి ఆయనకిచ్చాడు. గుడ్డలో ఏముందో చూడందే దాచనన్నాడాయన. అమ్మమ్మ బయటే కూర్చుంటానంది. నేను ఆమె చెయ్యి వదిలితేగా. కాసేపు నా మొహం చూసి, అటు తిరిగి ముడి విప్పింది. మావయ్య ఆ రూపాయినీ ఆలోచించకుండా సంచిలోనే పడేశాడు.

ఇక అమ్మ రాదనుకున్నాను. లోపల చూసిందేదీ నా బుర్రకెక్కలేదు గాని, కళ్ళకు మాత్రం అతుక్కుపోయింది. గ్లాసుతో పూరీలు కోసినట్టు రేకుల్లోంచి గుండ్రటి బిళ్ళలు రాలుతున్నాయి. వాటిని కాల్చి మెత్తబరిచి, కడిగి ఆరబెడతారట. తర్వాత పైనొక అచ్చు, కిందొక అచ్చు, మధ్యన బిళ్ళ. ఒక్క దెబ్బకే బొమ్మా బొరుసూ రెండూ పడిపోతున్నాయి. అమ్మమ్మ అక్కడ చాలాసేపు నిలబడిపోయింది.

బయటికొచ్చి మావయ్య సంచి బోర్లించాడు. రూపాయలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. అందులో స్వామిది ఏదో తెలియక మావయ్య తెల్లబోయాడు. నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

అమ్మమ్మ చేతికందిన రూపాయి తీసుకుంది. "ఊరుకోవే. ఇందాక చూసేం కదా, అన్నీ ఆ అచ్చు కిందే పుట్టేయి. స్వామిదని వేరే పుట్టలేదు. నేను దణ్ణం పెట్టుకుని కడితే ఆయనదైంది. మళ్ళీ కడతాను" అంది, కూరలో ఉప్పు చాలలేదంటే వేస్తాన్లే అన్నంత తేలిగ్గా.

నాకు ధైర్యం వచ్చింది. కానీ కట్టేటప్పుడు ఆమె వేళ్ళు వణికాయి. రెండుసార్లు జారిపోతే గాని ముడి పడలేదు. ఆమెకూ నా అంత భయమేనని అప్పుడు తెలిసింది.

అమ్మ ఇంటికొచ్చింది. ముడుపు చెల్లించాం.

ఇప్పుడు నేనూ అమ్మమ్మనే. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే పిల్లల ముందు నేనూ అంత తేలిగ్గానే మాట్లాడతాను. చేతులు మాత్రం కొంగు కింద దాచుకుంటాను.